పెద్దవాళ్ళ కాలనీ తోటకు ఏ మొక్కలు? ముందు చెయ్యి ఎంతవరకు అందుతుందో చూడండి

మీ ప్రశ్న చదివాను. బెంగళూరు శివార్లలో నూట పది ఇళ్ళున్న సీనియర్ లివింగ్ కాలనీ మీది. సగానికి పైగా మన తెలుగువాళ్ళే. బిల్డరు వెళ్ళిపోతూ ఒక పెద్ద లాను, గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా రాయల్ పామ్ చెట్ల వరస, గోడ పక్కన గన్నేరు మొక్కలు వదిలి వెళ్ళాడు. ఇప్పుడు తోట కమిటీ చేతికి వచ్చింది. పూజకు పూలమొక్కలు కావాలని కొందరు, మామిడి, జామ వేద్దామని కొందరు, పని పెట్టని మొక్కలు చాలని ఇంకొందరు అంటున్నారు. బోరులో నీళ్ళు తగ్గుతున్నాయి. ఇలాంటప్పుడు ఏ మొక్కలు ఎంచుకోవాలని అడిగారు.

నాది కడియం. మా తాత, నాన్న నర్సరీ చేశారు. పాతికేళ్ళ కిందట మొక్కల లారీలతో పాటు బెంగళూరు వచ్చి, ఇక్కడ అపార్ట్‌మెంట్లకు తోటలు వేసి చూసుకునే పనిలో స్థిరపడ్డాను. అందులో పెద్దవాళ్ళ కాలనీలు నాలుగున్నాయి. మామూలు అపార్ట్‌మెంట్ తోటకూ దీనికీ ఎంత తేడా ఉంటుందో మొదటి కాలనీలో నాకు తెలియలేదు. అక్కడ చేసిన ఒక తప్పు ఇప్పటికీ మనసులో ఉంది, అది చెట్ల సంగతి వచ్చినప్పుడు చెప్తాను. ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. మొక్కల పేర్లు రాసుకుని నర్సరీకి వెళ్ళకండి. ఒక టేపు, ఒక కుర్చీ పట్టుకుని మీ కాలనీలోనే తిరగండి.

కుర్చీలో ఒక పెద్దావిణ్ణి కూర్చోబెట్టి, వంగకుండా చెయ్యి చాచమనండి. ఎంత దూరం అందుతుందో, ఎంత కిందికి, ఎంత పైకి అందుతుందో కొలవండి. తర్వాత చేతికర్రతో నడిచే ఒకాయన్ని నిలబెట్టి కొలవండి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళను కూడా. అయిదారుగురిని కొలిస్తే మీకే తెలిసిపోతుంది. నేను కొలిచినవాళ్ళలో ఎక్కువమందికి హాయిగా అందేది రెండున్నర అడుగుల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తు దాకా, ముందుకు రెండు అడుగుల దూరం దాకా. అంతకంటే కిందికి వంగితే నడుము, మోకాళ్ళు. అంతకంటే పైకి చూస్తూ చెయ్యి చాపితే మెడ వెనక్కి వాలి కొందరికి కళ్ళు తిరుగుతాయి. పడిపోయేది అప్పుడే. కాబట్టి కోసుకునే మొక్క ఏదైనా ఆ రెండు అడుగుల పట్టీలో ఉండాలి. ఉండకపోతే ఉండేట్టు చేయాలి, మడి పైకి లేపడమో, కొమ్మ కత్తిరించడమో, పందిరి కిందికి దించడమో. మీ కమిటీలో ముగ్గురు మూడు రకాలుగా అంటున్నారు కదా, ఈ కొలత పెట్టుకుంటే ముగ్గురికీ చాలావరకు దొరుకుతుంది.

ఎత్తు మడులతో మొదలుపెట్టండి. ఇటుకతో కట్టి, రెండుంపావు అడుగుల ఎత్తు పెడితే నిలబడి పని చేసేవాళ్ళకు బాగుంటుంది. రెండు వైపులా నడవడానికి దారి ఉంటే వెడల్పు నాలుగు అడుగులు, గోడకు ఆనించి కడితే రెండు అడుగులే. నాలుగు అడుగుల మడిని గోడకు ఆనించి కట్టించిన కాలనీ ఒకటి చూశాను. వెనక సగంలో రెండేళ్ళూ కలుపు తప్ప ఏమీ పెరగలేదు, ఎవరి చెయ్యీ అంతదూరం పోలేదు మరి. ఒకటి రెండు మడుల్ని మాత్రం బల్లలాగా, కింద ఖాళీగా ఉండేలా చేయించండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళ మోకాళ్ళు లోపలికి పోవాలి. అలాంటి మడిలో ఎనిమిది పది అంగుళాల మట్టే పడుతుంది, ఆకుకూరలకు అది చాలు. మట్టి బరువు తగ్గడానికి ఎర్రమట్టిలో కోకోపీట్, వర్మీ కంపోస్టు కలపండి. మడుల మధ్య దారి అయిదు అడుగులు వదలాలి, కుర్చీ తిరగాలి కదా.

ఈ మడుల్లో ఏం వేయాలో కాలనీలో ఎవరినడిగినా చెప్తారు. తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా, బచ్చలి. గోంగూర లేకుండా మనవాళ్ళ తోట ఉండదు గానీ, వదిలేస్తే అయిదడుగులు లేస్తుంది. రెండడుగుల మడి మీద అది తలను దాటిపోతుంది. అందుకని చిగుళ్ళు గిల్లుతూ గుబురు చేయాలి. ఆ గిల్లే పనే వాళ్ళకు ఇష్టం కూడా.

మడి అంచుల్లో మాత్రం మరువం, దవనం, వాము ఆకు తప్పకుండా పెట్టించండి. వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది. అందుకని వీళ్ళకు సన్నటి పరిమళాల కంటే, చేత్తో నలిపితే గుప్పున వచ్చే వాసనలు కావాలి. ఒక కాలనీలో ఎనభై దాటిన ఒకమ్మ ఉండేవారు. మతిమరుపు బాగా ముదిరింది, కూతురిని కూడా గుర్తుపట్టని రోజులుండేవి. ఆవిణ్ణి చూసుకునే ఆయా రోజూ పొద్దున ఆమెను చక్రాల కుర్చీలో మడి దగ్గరికి తెచ్చి ఆపేది. ఒకరోజు నేను పక్క మడిలో కలుపు తీస్తున్నాను. ఆమె చెయ్యి మరువం మీద పడింది. ఒక రెమ్మ తుంచి వాసన చూశారు. ఇంకో రెమ్మ తుంచారు. ఎవరూ చెప్పకుండానే పక్కనున్న కనకాంబరాలు రెండు కోసి, మరువం రెమ్మ మధ్యలో పెట్టి, కొంగు అంచునుంచి వేలాడే దారప్పోగు తెంపి ముడి వేశారు. రెండు పూలు, ఒక రెమ్మ, మళ్ళీ ముడి. వేళ్ళు ఎక్కడా తడబడలేదు. బెత్తెడు మాల కట్టి నాకు చూపించి "జడకి చాలదే" అన్నారు. మర్నాటి నుంచి ఆయా ఒక దారపుండ తెచ్చి మడి మీద పెట్టేది. నేను ఆ మడి పక్కన ఇంకో కనకాంబరం మడి వేశాను.

కనకాంబరం గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే ల్యాండ్‌స్కేపు చేసేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. రెండు మూడడుగులు మించి పెరగదు, ముళ్ళు లేవు, కాస్త నీడ ఉన్నా పూస్తుంది, దాదాపు ఏడాదంతా పూస్తుంది. పైగా ఆ నారింజ రంగు పెద్దవాళ్ళ కళ్ళకు బాగా ఆనుతుంది. వయసు మీద పడితే కంటి కటకం పసుపు రంగులోకి తిరుగుతుంది, నీలం, ఊదా రంగులు మసకబారిపోతాయి. ఎరుపు, పసుపు, నారింజ, తెలుపు స్పష్టంగా కనిపిస్తాయి. క్యాటలాగులో ఊదా పూల బొమ్మలు చూసి మోజు పడకండి. ఢిల్లీ కనకాంబరం అనే రకం కొమ్మలతోనే వస్తుంది, పువ్వు పెద్దది. మొక్క వేళ్ళకు నులిపురుగు పడుతుంది కాబట్టి మట్టిలో వేపపిండి కలపండి, మధ్యలో బంతి మొక్కలు వేయండి.

పూజకు పూలంటే రోజూ కావాలి, తెల్లవారేసరికి కావాలి. నందివర్ధనం ఈ పనికి అన్నిటికంటే నమ్మకమైనది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే నాలుగున్నర అడుగుల దగ్గర గుబురుగా నిలుస్తుంది. తుంచినప్పుడు పాలు కారతాయి, ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దని చెప్పండి. మందారం కూడా అలాగే కత్తిరించి ఉంచొచ్చు. దానికి పిండినల్లి బెడద ఎక్కువ. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టిస్తే సరిపోతుంది. నూరువరహాలు అందరికీ ఇష్టమే గానీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే ఆకులు పసుపెక్కుతాయి. మీ నీళ్ళు పరీక్ష చేయించాకే వేయండి.

పారిజాతం తప్పకుండా వేయమంటాను. కిందపడిన పువ్వు కూడా పూజకు పనికొస్తుంది కదా. ఇబ్బంది ఏమిటంటే, ఆ పూలు ఏరుకోవడానికి తెల్లవారుజామున చీకట్లో పెద్దవాళ్ళు నేల మీదికి వంగుతారు. మేం చేసిన ఏర్పాటు చాలా తేలిక. చెట్టు చుట్టూ నాలుగు కర్రలు పాతి, మూడడుగుల ఎత్తున పలచటి నైలాను వల ఉయ్యాలలాగా కట్టాం. రాత్రంతా పూలు వల మీద రాలతాయి. పొద్దున ఆరింటికి నిలబడే బుట్టలోకి తీసుకుంటారు. పూలకు మట్టి కూడా అంటదు.

మల్లెకు రోజంతా ఎండ తగలాలి. చలికాలంలో ఆకు దూసి కత్తిరిస్తే మార్చి నుంచి పూస్తుంది. జాజి, విరజాజిలకు పందిరి ఎత్తుగా వేయకండి. నాలుగున్నర అడుగుల కంచెలా వేసి దాని మీద పాకించండి, మొగ్గలన్నీ చేతికి వస్తాయి. చేమంతికి బెంగళూరు చలి బాగా నప్పుతుంది. అయితే ఒక సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒక కాలనీలో దారి పక్కన చేమంతి వరస వేస్తే, ఒక చోట ఏడెనిమిది మొక్కలు మాత్రం ఆకులు బాగా వేసి మొగ్గ తొడగలేదు. ఎరువు మార్చాను, మట్టి మార్చాను. చివరికి ఒక సాయంత్రం అక్కడ నిలబడితే అర్థమైంది, సరిగ్గా దీపస్తంభం కింద ఉన్న మొక్కలే అవి. చేమంతికి పొడుగాటి చీకటి రాత్రి ఉంటేనే మొగ్గ వస్తుంది. మన కాలనీల్లో దారి దీపాలు ఆర్పకూడదు, కాబట్టి చేమంతిని దీపాలకు దూరంగా వేయండి.

ఇంకొకటి, మీకు రాబోయే గొడవ. అయిదింటికే ఎవరో ఒకరు వచ్చి పూలన్నీ కోసేస్తారు, మిగతావాళ్ళు కమిటీ మీద పడతారు. దీనికి బోర్డులు, నోటీసులు పని చేయవు. మొక్కలు ఎక్కువ వేయడమే దారి. బాగా ఎదిగిన నందివర్ధనం రెండు మూడు ఇళ్ళకు సరిపోతుందనుకోండి. రోజూ పూజ చేసే ఇళ్ళెన్నో లెక్క తీసి దానికి తగ్గట్టు వేయండి. ఒకేచోట కాకుండా ప్రతి బ్లాకు దగ్గరా కొన్ని వేస్తే ఇంకా మంచిది.

ఇక గన్నేరు. మీ గోడ పక్కన ఉన్నవి తీసేయండి. పూలు బాగుంటాయి, నీళ్ళు అడగదు, అందుకే బిల్డర్లు వేస్తారు. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, అంతా గుండెకు విషం. పచ్చ గన్నేరు పప్పు అంతకంటే ప్రమాదం. కేరళలో 2024 మేలో తిరువాంకూర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూల వాడకం ఆపేసింది. మతిమరుపు ఉన్నవాళ్ళు చేతికందిన ఆకు నోట్లో పెట్టుకుంటారు, కళ్ళు సరిగా కనపడనివాళ్ళు ఏ ఆకో అనుకుని తుంచుతారు. ఉమ్మెత్త, జిల్లేడు, ఇళ్ళ ముందు కుండీల్లో పెట్టే డంబ్‌కేన్ కూడా వద్దు. వినాయక చవితి పత్రి కోసం ఒక మూల కావాలని మీవాళ్ళు అడుగుతారు, అన్నిచోట్లా అడిగారు. సంతోషంగా వేయండి. గరిక, తులసి, మాచిపత్రి, మరువం, జాజి, దానిమ్మ, విష్ణుక్రాంత వేయొచ్చు. జమ్మి, మారేడు, దానిమ్మలకు ముళ్ళుంటాయి కాబట్టి అవి వెనక వరసలో ఉండాలి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఆకులు మాత్రం ఆ ఒక్కరోజుకు మార్కెట్లో తెప్పించుకోండి.

ముళ్ళ సంగతి చిన్నగా చూడకండి. పెద్దవాళ్ళ చర్మం పలచగా ఉంటుంది, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు చాలామంది, షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఇంకా ఎక్కువ. కాగితంపూల కొమ్మ కత్తిరించినప్పుడు ఒక ముల్లు దారి మీద పడితే, చెప్పులో గుచ్చుకున్నా తెలియదు. రెండు రోజుల తర్వాత పుండై బయటపడుతుంది. కాగితంపూలు కాంపౌండు గోడ మీదే ఉండాలి, దారికి పదడుగుల లోపల వద్దు. గులాబీలు మడి మధ్యలో.

చెట్ల దగ్గరికి వస్తాను. నేను చెప్తానన్న తప్పు ఇదే. మొదటి కాలనీలో వాకింగ్ దారి పక్కన నేరేడు చెట్లు నేనే వేశాను. నీడ బాగా వస్తుంది, పండ్లు తింటారు అనుకున్నాను. అయిదారేళ్ళకు కాపు వచ్చింది. జూన్‌లో వాన పడి ఆగిన ఒక పొద్దున, చితికిన పండ్ల మీద కాలు పెట్టి ఒక పెద్దాయన జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ ఆయన మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆయన కూడా "నీళ్ళు పోసి పెంచావు, నీ తప్పేముంది" అన్నారు. కానీ ఆ చెట్టు అక్కడ పెట్టింది నేనే. అప్పటినుంచి ఏ చెట్టు దగ్గరైనా మొదట ఆలోచించేది, దీని నుంచి ఏం రాలుతుంది, ఎక్కడ రాలుతుంది అని.

ఆ లెక్కన చూస్తే చాలా చెట్లు దారి పక్కనుంచి తప్పుకుంటాయి. టబెబుయా పూలు చూడటానికి ఎంత బాగున్నా తడిస్తే జారతాయి. కానుగ కాయలు గట్టివి, కాలి కింద దొర్లుతాయి. తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు ఏప్రిల్, మే గాలివానల్లో విరిగిపడటం బెంగళూరులో ఏటా చూస్తున్నదే. రావి, మర్రి జాతి చెట్ల వేళ్ళు పేవర్ బ్లాకుల్ని పైకి లేపుతాయి. అర అంగుళం లేచినా కాలు ఈడ్చి నడిచేవాళ్ళకు తగులుతుంది. మునగ కొమ్మ పెళుసు, కంబళి పురుగులు పడతాయి. వంటగది వెనక గోడ దగ్గర ఒకటి రెండు వేసి ఏటా నరికి పొట్టిగా ఉంచితే చాలు. ఏడాకుల పాల అస్సలు వద్దు. విశాఖలో చలికాలం వస్తే ఆ పూల ఘాటుతో ఇబ్బంది పడుతున్నామని జనం ఫిర్యాదు చేయడం మీలో కొందరు వినే ఉంటారు. ఆయాసం ఉన్నవాళ్ళ కిటికీ దగ్గర దాన్ని ఊహించలేను. కోనోకార్పస్ ఎవరైనా కంచెకు బాగుంటుందని చెప్తే ఒప్పుకోవద్దు, గుజరాత్ 2023లోనే దాన్ని నిషేధించింది. మీ రాయల్ పామ్ మట్ట ఒక్కొక్కటి పదిహేను ఇరవై కిలోలు తూగుతుంది. అవి ఇప్పటికే ఎదిగి ఉంటే, ఎండిన మట్టల్ని పడకముందే దింపే మనిషిని మాట్లాడుకోండి, వాటి కింద బెంచీలుంటే జరిపించండి. చెట్టు కొట్టేద్దామంటే అంత తేలిక కాదు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసరు అనుమతి ఉండాలి. కాబట్టి కొత్తగా వేసేటప్పుడే ముప్పై ఏళ్ళకు సరిపడా ఆలోచించండి.

మరి నీడకు ఏం వేయాలంటే, నా మొదటి ఎంపిక ఉసిరి. ఆకు చిన్నది, రాలినా జారదు. ఆకుల మధ్యనుంచి వెలుతురు పడుతుంది కాబట్టి కింద నల్లటి నీడ ఉండదు. నల్లటి నీడ పట్టీని మతిమరుపు ఉన్నవాళ్ళు గొయ్యి అనుకుని ఆగిపోతారు. అన్నిటికీ మించి కార్తీక మాసం వస్తే వనభోజనాలకు చెట్టు కావాలి. కారెక్కి ఎక్కడికో వెళ్ళలేనివాళ్ళు తమ గుమ్మం ముందున్న ఉసిరి కింద కూర్చుని భోంచేసిన రోజు వాళ్ళ ముఖాలు చూడాలి మీరు. రెండు వేరు వేరు రకాల అంటు మొక్కలు వేస్తే కాపు బాగుంటుంది. చుట్టూ ముప్పై నలభై కుర్చీలు పట్టేలా గట్టి నేల చేయించండి. కాయలు గట్టివే కాబట్టి కాపు సమయంలో రోజూ ఊడవాలి, ఈ చెట్టు కూడా నడక దారి మీదికి వాలకూడదు.

ఒకచోట మాత్రం నీడ వద్దు. డిసెంబరు, జనవరిలో బెంగళూరు చలికి పెద్దవాళ్ళు ఎనిమిదింటి తర్వాతే బయటికి వస్తారు, నీరెండ కోసం. వాళ్ళు కూర్చునే బెంచీలకు తూర్పు వైపు ఏడాదంతా ఆకులుండే చెట్టు వేస్తే వాళ్ళ ఎండను మనమే లాక్కున్నట్టు. బెంచీలకు చేతులు ఉండాలి, లేచేటప్పుడు ఆనుకోవడానికి.

పండ్ల చెట్లు అడిగినవాళ్ళకు జామ, దానిమ్మ, సపోటా అంటు మొక్కలు వేసి ఆరేడు అడుగులకు మించకుండా కత్తిరిస్తూ ఉంచండి. ఒక మామిడి కూడా వేయండి, ఉగాదికి కాయ, పండగలకు ఆకు. దారికి పన్నెండు అడుగుల దూరంలో. కరివేపాకు నాలుగడుగుల ఎత్తున ఎన్ని వేసినా చాలవు.

నీళ్ళ విషయంలో దాపరికం లేకుండా చెప్పాలి. మీ లాను ఉండనివ్వకండి. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు పోయాలి. వెయ్యి చదరపు మీటర్ల లానుకు అది రోజూ ఒక చిన్న ట్యాంకరు. 2024 మార్చిలో కరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడకూడదని, వాడితే అయిదు వేల జరిమానా అని ఆదేశం ఇచ్చింది. అలాంటి ఏడాది మళ్ళీ వస్తుంది. మనవలు వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఒక చిన్న ముక్క ఉంచి, మిగతాది పూలకు, మడులకు మార్చండి. ఎస్‌టీపీ నీళ్ళు, అంటే కాలనీ మురుగును శుభ్రం చేసిన నీళ్ళు, చెట్లకు, కంచె మొక్కలకు డ్రిప్పుతో ఇవ్వండి, స్ప్రింక్లర్లతో చల్లవద్దు. ఆకుకూరలకు ఆ నీళ్ళు అసలు వద్దు. పూజ పూలకు కూడా వద్దంటాను. శుభ్రం చేసిన నీళ్ళే అని మనం ఎంత చెప్పినా, మురుగునీళ్ళతో పెంచిన పువ్వు దేవుడికి పెట్టనని మడి కట్టుకునే పెద్దలు అంటారు, ఆ మాటకు విలువ ఇవ్వాలి. క్లబ్‌హౌస్ పైకప్పు వాననీళ్ళు పట్టే ట్యాంకు కట్టించి, తులసికోటకు, పూల మడులకు, కూరలకు దాని నుంచే పైపు వేయించండి. తులసికోట చుట్టూ ప్రదక్షిణకు నాలుగడుగుల చదునైన నేల, పట్టుకోవడానికి కమ్మీ మర్చిపోవద్దు.

వయ్యారిభామ ఖాళీ స్థలాల్లో మొలుస్తూనే ఉంటుంది. పూత రాకముందే చేతి తొడుగులతో పీకించాలి, దాని పుప్పొడి ఆయాసం, దురద తెస్తుంది. ఆకుల మధ్య నీళ్ళు నిలిచి దోమలకు చోటిచ్చే బ్రొమీలియాడ్లు, కుండీల కింద నీళ్ళ పళ్ళేలు వద్దు, ఈ వయసులో డెంగీ మామూలు జబ్బు కాదు.

పని లేని మొక్కలు చాలన్నవాళ్ళకు ఒక మాట. మాలీకి పని తగ్గించండి, కాలనీవాళ్ళకు తగ్గించకండి. 1976లో అమెరికాలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు ఒక వృద్ధాశ్రమంలో పరిశీలన చేశారు. ఒక అంతస్తు వాళ్ళకు మొక్కను తామే ఎంచుకుని తామే చూసుకోమన్నారు, తమ రోజును తామే నిర్ణయించుకోమన్నారు. ఇంకో అంతస్తు వాళ్ళకు మొక్క ఇచ్చి, సిబ్బందే చూసుకుంటారన్నారు. తమ పని తాము చూసుకున్నవాళ్ళు ఎక్కువ ఉత్సాహంగా, చురుగ్గా కనిపించారు. అది చదవకముందే నేను మడుల దగ్గర చూసింది కూడా అదే. ఒక్కో మడికి ఇద్దరు ముగ్గురి పేర్లు రాయండి. వాళ్ళు ఏం వేస్తామంటే అది వేయనివ్వండి, విషం, ముళ్ళు కాకపోతే చాలు. బరువైన పని, నీళ్ళ పైపు లాగడం, ఎరువు మోయడం మాలీది. గిల్లడం, కోయడం, విత్తనం చల్లడం వాళ్ళది.

ఇక కొనడం. లాల్‌బాగ్ పక్కన సిద్దాపురలో నర్సరీలు వరసగా ఉన్నాయి, అక్కడికి నలుగురు పెద్దల్ని తీసుకెళ్ళి వాళ్ళనే ఎంచుకోనివ్వండి. అక్కడ దొరికే మొక్కల్లో చాలావరకు మా కడియం నుంచి వచ్చినవే. వాటి వేళ్ళ చుట్టూ గోదావరి ఒండ్రు మట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్ద ఎండితే రాయి. దాన్ని అలాగే ఇక్కడి ఎర్రమట్టిలో పాతితే, పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, వేళ్ళు ముద్ద దాటి బయటికి రావు, మొక్క ఆర్నెల్లు పచ్చగా ఉండి వాడిపోతుంది. నాటే ముందు మొక్కను బకెట్లో గంటసేపు ముంచి ఉంచండి. ముద్ద మెత్తబడ్డాక పైమట్టిని వేళ్ళు తెగకుండా సగం దాకా రాల్చండి. గుంత రెండడుగుల వెడల్పు, లోతు తవ్వి ఎర్రమట్టిలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి పదిహేను రోజులు వదిలేయండి. జూన్ మొదటి వానలకు ముందే గుంతలు సిద్ధంగా ఉంటే అక్టోబరు దాకా వానలే పోషిస్తాయి. ఇప్పుడు మీకు ఉన్న సమయంలో మడులు కట్టించడం, నీళ్ళ ట్యాంకు, గన్నేరు తీయించడం, ఈ మూడు పనులు పూర్తి చేసుకోవచ్చు. గన్నేరు కొమ్మల్ని అక్కడే తగలబెట్టనివ్వకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. చేతి తొడుగులతో కోయించి, మూట కట్టించి చెత్త బండికి ఇచ్చేయండి.